ముందు సీసా, తరువాత హంతకుడు

కిందటి నెలలో ఒక కుర్రవాడు తన మొదటి క్రైం నవల చదివి పెట్టమని పంపాడు. మూడో పేజీలో ఇన్‌స్పెక్టరు శవం పక్కనున్న గ్లాసులో వేలు ముంచి, నాలుకకు రాసుకుని, "సయనైడ్!" అంటాడు. పక్కన పెన్సిలుతో రాశాను: "నాలుగో పేజీకి ఇంకో ఇన్‌స్పెక్టరు కావాలి."

నేను 31 ఏళ్ళు ఫోరెన్సిక్ ప్రయోగశాలలో, విషాల విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. ఆఖరి 12 ఏళ్ళూ పగలు రిపోర్టులు, రాత్రి నవలలు రాశాను. రెంటిలోనూ శవాలే. మా అత్తగారు బంధువులకు నన్ను "మా కోడలిది గవర్నమెంటు ఉద్యోగం" అని మాత్రమే పరిచయం చేసేవారు. ఏ ఉద్యోగమని ఎవరైనా అడిగితే కాఫీ కలపడానికి లేచేవారు. ఇప్పటికి ఆరు నవలలు వచ్చాయి. మొదటిది పాత పుస్తకాల బండి మీద ఎక్కడ కనబడినా నేనే కొని ఇంటికి తెచ్చేసుకుంటాను, ఇంకొకరు చదవకుండా. అందులో అన్ని తప్పులున్నాయి. పగలంతా ల్యాబులో కూర్చునే మనిషిని, రాత్రి రాయబోయేసరికి చిన్నప్పుడు అద్దె షాపు నుంచి తెచ్చుకుని చదివిన డిటెక్టివ్ పుస్తకాలే చేతికి వచ్చాయి. చేసిన పని రాలేదు.

నన్ను సలహా అడిగేవాళ్ళలో ఎక్కువమంది ఒకే ప్రశ్నతో వస్తారు: "ఎవరికీ దొరకని విషం ఒకటి చెప్పండి మేడం." నా దగ్గర అలాంటిది లేదు. ఉన్నా చెప్పను. హంతకుడిని, అతని తెలివితేటలను కాసేపు గుమ్మం బయట కూర్చోబెట్టండి. ముందు ఒక వస్తువును ఎంచుకోండి. ఆ వస్తువు ఎన్ని చేతులు మారిందో రాసుకోండి. నవల అక్కడ ఉంటుంది.

వస్తువు వెంట నడవడం

నా మూడో నవలకు ఎంచుకున్నది ఒక టీ గ్లాసు. మే నెల, పొలంలో మోటారు షెడ్డు. నులక మంచం మీద 50 ఏళ్ళ రైతు చనిపోయి ఉన్నాడు. మంచం కింద పురుగుమందు డబ్బా. గోడ గూట్లో గ్లాసు, అందులో గోధుమ రంగు ద్రవం. ఊరందరి కళ్ళూ డబ్బా మీదే ఉన్నాయి. అప్పులున్నాయి, డబ్బా ఉంది, ఇంకేం కావాలి? నేను డబ్బాను ఊరివాళ్ళకు వదిలేసి గ్లాసు వెంట వెళ్ళాను.

పొద్దున్నే మోటారు వేయడానికి వచ్చిన పాలేరు దాన్ని మొదట చూశాడు. ముట్టుకున్నాడో లేదో చెప్పడు. ఎస్సై వచ్చేసరికి తొమ్మిదయింది. ఇద్దరు పంచుల ఎదుట పంచనామా రాశారు: "సుమారు సగం గ్లాసు గోధుమ రంగు ద్రవము." దాన్ని సీసాలో పోశారు. గ్లాసును కాగితంలో చుట్టి, గుడ్డలో కట్టి, లక్క కరిగించి సీలు వేశారు. స్టేషన్ గదిలో కొన్నాళ్ళు ఉంది. మేజిస్ట్రేటు కోర్టు నుంచి లెటర్ ఆఫ్ అడ్వైజ్ (ఏమేం పరీక్షించాలో ల్యాబుకు చెప్పే ఉత్తరం) వచ్చాక ఒక కానిస్టేబులు దాన్ని సంచిలో పెట్టుకుని బస్సెక్కాడు. ల్యాబు కౌంటరు దగ్గర సీలును నమూనాతో పోల్చి తీసుకున్నారు. స్టోరులో మళ్ళీ కొన్నాళ్ళు. చివరికి నా బల్ల మీదకు వచ్చినప్పుడు కొలిస్తే 8 మిల్లీలీటర్లు.

పంచనామాలో సగం గ్లాసు, నా కొలజాడీలో 8 మిల్లీలీటర్లు. మిగతాది ఏమైంది? ఎండకు ఆవిరయిందా? మూత సరిగ్గా బిగించలేదా? పంచనామా రాసిన రైటరు గ్లాసు వైపు చూడకుండానే "సగం" అని రాశాడా? లేక ఎవరైనా పారబోసి ఇంకేదైనా పోశారా? ఈ నాలుగు ప్రశ్నలతో 180 పేజీలు నడిచాయి. హంతకుడు 120వ పేజీ వరకు నాకే తెలియదు.

మీరూ ఇలాగే చేయండి. ఒక తెల్లకాగితం మీద వస్తువు పేరు రాసి, కింద దాన్ని ముట్టుకున్న ప్రతి మనిషి పేరూ, తేదీ, గంట రాయండి. ప్రతి చేతికీ ఒక భయమో, బద్ధకమో, లంచమో, జాలో అంటగట్టండి. మనుషులు సరిగ్గా ఉండాలి సుమా. తెలంగాణలో 2020 తరువాత జరిగే కథలో వీఆర్వోను పంచుగా కూర్చోబెడితే నవ్వుతారు, ఆ ఉద్యోగమే రద్దయింది. ఆంధ్రాలో అయితే ఫరవాలేదు.

వస్తువు ఎంత చెబుతుందో, ఎక్కడ ఆగిపోతుందో కూడా చూసుకోవాలి. 1898లో బెంగాల్‌లోని జల్పాయ్‌గురి జిల్లాలో ఒక తేయాకు తోట మేనేజరును గొంతు కోసి చంపారు. ఆయన సామాన్లలో ఒక బెంగాలీ పంచాంగం, దాని మీద నెత్తుటి వేలి మరక దొరికాయి. ప్రపంచంలోనే మొదటి వేలిముద్రల కార్యాలయం కలకత్తాలో మొదలై అప్పటికి ఏడాది. ఆ ముద్ర, మేనేజరు దగ్గర పూర్వం దొంగతనం చేసి శిక్షపడిన కంగాలీ చరణ్ అనే పనివాడి ముద్రతో కలిసింది. కోర్టు అతనికి దొంగతనానికి శిక్ష వేసింది. హత్య నేరం మాత్రం రుజువు కాలేదంది. వేలు పంచాంగాన్ని ముట్టుకుందని తేలింది, కత్తిని పట్టుకుందని తేలలేదు. నూట పాతికేళ్ళు గడిచినా ఇది నాకు పాతబడలేదు. ఆ రెండు మాటల మధ్య ఖాళీలో ఎన్ని నవలలైనా పడతాయి.

నాలుగు సీసాలు

మన నవలల్లో ఒకే డాక్టరుగారు శవాన్ని కోస్తారు, రక్తం పరీక్షిస్తారు, తూటా చూస్తారు, చేతిరాత పోలుస్తారు, తీరిక దొరికితే కథానాయికకు ధైర్యం కూడా చెబుతారు. అసలు సంగతి ఇది: పోస్టుమార్టం చేసేది ఆసుపత్రిలో ఫోరెన్సిక్ మెడిసిన్ డాక్టరు. ల్యాబులో ఉండే మేము డాక్టర్లం కాము. కెమిస్ట్రీ, జువాలజీ, ఫిజిక్సు చదువుకున్నవాళ్ళం. మాలోనూ విషాలు చూసేవాళ్ళు వేరు, రక్తం చూసేవాళ్ళు వేరు, తుపాకులు, పత్రాలు, డీఎన్‌ఏ, కంప్యూటర్లు అన్నీ వేరువేరు. వేలిముద్రల బ్యూరో మా గొడుగు కింద లేనే లేదు. హైదరాబాద్‌లో ఘటనా స్థలానికి ముందుగా పరిగెత్తేది క్లూస్ టీం. నేను 31 ఏళ్ళలో చూసిన పూర్తి శవాలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. నేను చూసింది సీసాలు.

విషం అనుమానం ఉంటే పోస్టుమార్టం బల్ల దగ్గర నుంచి మామూలుగా నాలుగు సీసాలు వస్తాయి. మొదటిదాంట్లో జీర్ణాశయం, చిన్నపేగు ముక్క, వాటిలో ఉన్న పదార్థం. రెండోదాంట్లో కాలేయం, మూత్రపిండాల ముక్కలు. మూడోదాంట్లో రక్తం, చెడకుండా సోడియం ఫ్లోరైడ్ కలిపి. నాలుగోది నవలాకారులందరూ మరిచిపోయేది: ఉత్త ఉప్పునీళ్ళు. ముక్కలను నిలవ ఉంచేది కరిగినంత ఉప్పు కరిగించిన నీళ్ళలోనే. "విషం మీ ఉప్పునీళ్ళలోనే ఉందేమో" అని రేపు వకీలుగారు లేస్తే, కాదని చూపించడానికి ఆ నాలుగో సీసా. నా నాలుగో నవలలో ఆ సీసా ఒక్కటే దారిలో పగిలిపోయింది. కథకు అంతకంటే ఏమీ అక్కర్లేకపోయింది.

సీసా ఎలా విప్పుతామో చెబుతాను, ఎందుకంటే ఈ దృశ్యాన్ని ఇంతవరకు తెలుగులో ఎవరూ సరిగ్గా రాయగా నేను చూడలేదు. గుడ్డ కత్తిరించే ముందు లక్క ముద్రను దీపం కింద పెట్టి, కాగితం మీద పంపిన నమూనా ముద్రతో పోలుస్తాం. అక్షరాలు కలవాలి. లక్క పగిలి ఉంటే అక్కడే ఆపి రాసుకుంటాం. గుడ్డ తీశాక చీటీ: పేరు, నేరం నంబరు, డాక్టరు సంతకం. మూత చుట్టూ ఉప్పు పేరుకుని తెల్లగా గడ్డకట్టి ఉంటుంది, అచ్చం ఆవకాయ జాడీ మూతలాగా. మొదటి ఏడాది ఇంట్లో జాడీ మూత మా ఆయనే తీసేవారు. మూత వదులు చేయగానే మొదట వచ్చేది కుళ్ళిన వాసన, దాని వెనక ఇంకో వాసన ఉంటే ఉంటుంది. మా అటెండరు తలుపు దగ్గర నుంచే "కిరసనాయిలు మేడం" అనేవాడు. పురుగుమందు కేసుల్లో చాలాసార్లు ఆ మాట నిజమే. కానీ ఆ వాసన విషానిది కాదు, విషాన్ని కరిగించిన ద్రావకానిది. ఈ తేడా తెలియని పాత్ర ఒకటి నా ప్రతి నవలలోనూ ఉంటుంది.

తరువాత ముక్కలను మెత్తగా నూరి, ద్రావకంతో విషాన్ని లాగి, వడకట్టి, ఎండబెట్టి, చివరికి ఒక చుక్కను సిలికా పూత పూసిన గాజు పలక అంచున పెడతాం. పలకను ద్రావకంలో నిలబెడితే చుక్క మెల్లగా పైకి పాకుతుంది. పక్కనే తెలిసిన మందుల చుక్కలు పందెంలాగా పాకుతుంటాయి. పలక తీసి ఆరబెట్టి పల్లాడియం క్లోరైడ్ పిచికారీ చేస్తే, గంధకం ఉన్న ఫాస్ఫరస్ పురుగుమందులు పసుపు, గోధుమ మచ్చలుగా తేలతాయి. తెలిసిన మచ్చ ఎంత ఎత్తుకు పోయిందో తెలియనిదీ అంతే ఎత్తుకు పోతే గుండె ఒకసారి ఆగుతుంది. 31 ఏళ్ళు చూసినా ఆగుతుంది. ఆ తరువాత యంత్రం మీద నిర్ధారణ. నవలలో యంత్రాన్ని రెండు వాక్యాల్లో దాటేయండి. పలకను మాత్రం వదలకండి, పాఠకుడికి కంటికి కనిపించేది అదే.

రిపోర్టులో ఏముంటుంది? "పరీక్షించిన వస్తువులలో ఫలానా పురుగుమందు కనుగొనబడినది." అంతే. హత్యా, ఆత్మహత్యా అని మేము రాయం. ఎవరు ఇచ్చారో అసలే రాయం. ఆ కాగితం డాక్టరుగారికి వెళ్ళాక ఆయన మరణకారణం మీద తుది అభిప్రాయం ఇస్తారు. అంతవరకు పోస్టుమార్టం కాగితంలో "ల్యాబు రిపోర్టు వచ్చేవరకు అభిప్రాయం నిలిపి ఉంచడమైనది" అనే ఒక వాక్యం కూర్చుని ఉంటుంది. వారాలు పట్టవచ్చు, నెలలు పట్టవచ్చు. సినిమాల్లో పదినిమిషాల్లో వచ్చే రిపోర్టు మీ నవల గొంతు నులుముతుంది. ఆ నెలల్లోనే సాక్షులు మాట మారుస్తారు, అల్లుడు పొలం అమ్ముతాడు, పెద్దకర్మ అయిపోతుంది.

ఇంకో రకం రిపోర్టు ఉంది: "విష పదార్థములేవియు కనుగొనబడలేదు." దీన్ని "విషం లేదు" అని చదివే పోలీసులనూ, వకీళ్ళనూ, రచయితలనూ చూశాను. మేము వెతికినవాటిలో, మాకు చేరిన ముక్కల్లో, మాకు చేరిన స్థితిలో దొరకలేదని దాని అర్థం. ఆసుపత్రిలో నాలుగు రోజులు చికిత్స పొంది చనిపోయిన మనిషి సీసాల్లో ఏమీ మిగలకపోవచ్చు. కనుగొనబడలేదు, లేదు: ఈ రెండు మాటలకూ తేడా తెలిసిన ఒక్క మనిషిని కథలో పెట్టండి, అతని మాట ఎవరూ వినకుండా చేయండి.

ఎర్రగా ఉన్నదంతా

రక్తం నా విభాగం కాదు. పక్క గదిలో పనిచేసిన స్నేహితురాలి దగ్గర ఏళ్ళ తరబడి టీ తాగుతూ నేర్చుకున్నాను. మన ఇళ్ళలో ఎర్ర మరకలకు కొదవ లేదు. కిళ్ళీ ఉమ్మి, కుంకుమ, తుప్పు, గుమ్మం ముందు పగలగొట్టిన గుమ్మడికాయ. అన్నిటికంటే మోసం చేసేది దిష్టి నీళ్ళు. పసుపులో సున్నం కలిపిన ఆ ఎర్రనీళ్ళు గడప పక్కన ఎండితే, కొత్త కానిస్టేబులు టోపీ సర్దుకుంటాడు. పాతవాడు రంగు చూస్తాడు. రక్తం ఎండేకొద్దీ గోధుమ రంగుకు, నలుపుకు తిరుగుతుంది. వారం తరువాత కూడా "ఎర్రగా మెరుస్తున్న రక్తం" అని రాసేవారికి ఈ మాట.

మొదటి పరీక్ష నవలకు చక్కగా పనికొస్తుంది, చిన్నది, కంటికి కనిపించేది. మరకను తడి దూదిపుల్లతో తుడిచి, ఒక చుక్క స్పిరిటు, ఒక చుక్క ఫినాల్ఫ్తలీన్ ద్రావణం, చివర ఒక చుక్క హైడ్రోజన్ పెరాక్సైడ్ వేస్తారు. రక్తమైతే కొన్ని సెకన్లలో గులాబీ రంగు విరుస్తుంది. పెరాక్సైడ్ వేయకముందే రంగు వచ్చిందా, అది నమ్మరానిది. అర నిమిషం ఆగి వచ్చిందా, అదీ నమ్మరానిదే, ఆ ద్రావణం గాలికి తనంత తాను గులాబీ అవుతుంది. కాబట్టి ఆ దృశ్యంలో మీ పాత్ర పెదవులు కదుపుతూ ఒకటీ రెండూ లెక్కపెట్టాలి.

గులాబీ వచ్చినంత మాత్రాన మనిషి రక్తమని కాదు. కోడికీ వస్తుంది, మేకకూ వస్తుంది. కొన్ని దుంపల రసానికీ వచ్చే అవకాశం ఉంది. అందుకే సూక్ష్మదర్శిని కింద ఈకల్లాంటి గులాబీ స్ఫటికాలు చూస్తారు, తరువాత ఏ జంతువుదో తేలుస్తారు, ఆ తరువాతే డీఎన్‌ఏ. బోనాల మర్నాడో, సంక్రాంతి కోడిపందేల మర్నాడో హత్య జరిగిన ఊరిని ఊహించుకోండి. ప్రతి లుంగీ మీదా రక్తమే. నాకు తెలిసి ఈ ఊహను ఇంకా ఎవరూ వాడలేదు, కావాలంటే మీరు తీసుకోండి.

ఒక చిన్న మాట: తడిసిన బట్టలను పాలిథీన్ కవరులో కట్టి పంపితే ల్యాబుకు చేరేది బూజు. నీడలో ఆరబెట్టి కాగితం కవరులో పెట్టాలి. మీ కథలో సాక్ష్యం చెడిపోవాలంటే దుర్మార్గుడైన పోలీసు అక్కర్లేదు, ఒక పాలిథీన్ కవరు చాలు.

ఎండ

మరణ సమయం దగ్గర అందరూ విదేశీ పుస్తకాల్లోని చలిదేశపు లెక్క ఎత్తుకొస్తారు: శరీరం గంటకు ఇంత చొప్పున చల్లబడింది, కనుక రాత్రి 11.20కి చనిపోయాడు. మే నెలలో 45 డిగ్రీలు దాటే రెంటచింతలలో శవం చల్లబడటమా! బయటి గాలే ఒంటి వేడిమి కంటే ఎక్కువ. మన ఎండాకాలంలో శరీరం బిగుసుకోవడం గంటా రెండు గంటల్లో మొదలవుతుంది, ఒక రోజు గడిచేసరికి సడలిపోతూ ఉండవచ్చు. పొట్ట కింద కుడివైపు ఆకుపచ్చ మచ్చ 12 నుంచి 18 గంటల్లో కనబడవచ్చు. నీళ్ళలో పడ్డ శవం ఎండాకాలంలో ఒక రోజుకే తేలవచ్చు, చలికాలంలో రెండు మూడు రోజులు పట్టవచ్చు. నిజమైన డాక్టరు చెప్పేది ఒక గంట కాదు, ఒక వెడల్పు: "12 నుంచి 24 గంటల మధ్య." ఆ వెడల్పులో మీ అనుమానితులు ముగ్గురూ పట్టేలా చూసుకోండి. నిమిషాలతో సహా చెప్పే డాక్టరును పెడితే కథ అక్కడే ముగిసిపోతుంది.

బావిలో, కాలువలో శవం ఉంటే డయాటమ్‌లు అనే సూక్ష్మమైన నాచు కణాల పరీక్ష ఉంది. ప్రాణం ఉండగా నీళ్ళు ఊపిరితో పీలిస్తే అవి ఊపిరితిత్తుల నుంచి రక్తంలో కలిసి ఎముక మజ్జ దాకా చేరతాయి. పోల్చడానికి ఆ బావి నీళ్ళు కూడా సీసాలో పట్టి పంపాలి. ఎన్నిసార్లు ఎముక వచ్చి నీళ్ళు రాలేదో చెబితే మీరు నమ్మరు.

సంవత్సరం రాసుకున్నారా

కథ ఏ ఏడాదిలో జరుగుతుందో మొదటి రోజే గోడకు అంటించుకోండి. 2024 జూలై 1 నుంచి చట్టాలే మారాయి. హత్యకు శిక్ష అంటే మనకు నోటికి వచ్చిన 302 పోయి భారతీయ న్యాయ సంహితలో 103 వచ్చింది. అనుమానాస్పద మృతి 174 కాస్తా 194 అయింది. సీసీటీవీ, ఫోను సాక్ష్యాలకు 65బి బదులు 63. నేరం జూన్ 30 రాత్రి జరిగి, కేసు జూలై 2న నమోదైతే? సెక్షను 302 కిందే, దర్యాప్తు పద్ధతి మాత్రం కొత్తది. అలాంటి ఒక్క రాత్రిని నా ఆరో నవలకు ఎంచుకున్నాను, ఎస్సై పాత్ర తల పట్టుకోవడం కోసమే. కొత్త చట్టం ప్రకారం ఏడేళ్ళూ, అంతకు మించీ శిక్షపడే నేరాలకు ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి వెళ్ళాలి, వీడియో తీయించాలి. దాన్ని అమల్లోకి తేవడానికి రాష్ట్రాలకు అయిదేళ్ళ గడువు ఇచ్చారు.

1980లో గుంటూరులో జరిగే కథలో డీఎన్‌ఏ పెట్టకండి. ప్రపంచంలో ఎక్కడా లేదు అప్పటికి. మన దేశానికి ఆ పద్ధతి 1980ల చివర హైదరాబాద్ సీసీఎంబీ పరిశోధనా సంస్థలో శాస్త్రవేత్త లాల్జీ సింగ్ చేతుల మీదుగా వచ్చింది. ఆయన వాడిన డీఎన్‌ఏ ముక్క మూలం కట్లపాము జాతిలో ఉంది. విషాల విభాగం మనిషిగా నాకు ఆ సంగతి ఎందుకో గర్వంగా ఉంటుంది. అలాగే 2010 తరువాతి కథల్లో అనుమానితుడిని పడుకోబెట్టి సూది గుచ్చి నార్కో పరీక్షలో నిజం కక్కించే దృశ్యం తీసేయండి. ఆ ఏడాది సెల్వి కేసులో సుప్రీంకోర్టు మనిషి ఒప్పుకోకుండా అలా చేయకూడదంది. పోలీసు ఎదుట చెప్పిన నేరాంగీకారం ఎలాగూ కోర్టులో చెల్లదు. అతను చెప్పిన చోట తవ్వితే కత్తి దొరికితే మాత్రం ఆ మేరకు చెల్లుతుంది. చూశారా, మళ్ళీ వస్తువు దగ్గరికే వచ్చాం.

కోర్టు

జడ్జిగారి బల్ల మీద సుత్తి ఉండదు. వకీళ్ళు బోను చుట్టూ తిరుగుతూ కేకలు వేయరు. అసలు మా రిపోర్టును మమ్మల్ని పిలవకుండానే కోర్టు తీసుకోవచ్చు. పిలిస్తే మాత్రం అడిగేది రసాయనశాస్త్రం కాదు. ఒక వకీలుగారితో నాకు జరిగిన సంభాషణ ఇది, తేదీలు మార్చాను:

"అమ్మా, పార్శిలు మీ ల్యాబుకు ఎప్పుడు చేరింది?"

"జూన్ 12న."

"మీరు విప్పింది?"

"జూలై 27న."

"ఈ 45 రోజులూ ఎక్కడుంది?"

"స్టోరు గదిలో, తాళంలో ఉందండీ."

"తాళంచెవి?"

"స్టోరు బాధ్యుడి దగ్గర."

"ఆయన జూలైలో పది రోజులు సెలవులో ఉన్నారని మీ హాజరుపట్టీ చెబుతోంది. అప్పుడెవరి దగ్గర ఉంది తల్లీ?"

నాకు తెలియదు. తెలియదనే చెప్పాను. ఆయన "అంతేనండీ" అని కూర్చున్నారు. గొంతు పెంచలేదు, బల్ల గుద్దలేదు. నా పలక మీద మచ్చ ఎంత ఎత్తుకు పాకిందో ఎవరూ అడగలేదు. ఆ రాత్రి నేను మొదటి నవలను మధ్యలో ఆపి మళ్ళీ రాయవలసింది. అలా చేయకుండా ప్రచురణకర్తకు ఇచ్చేశాను, అదీ నా బాధ.

రాయకూడనివి

నా నవలల్లో విషం పేరు ఉంటుంది. ఎంత, ఎలా, ఎక్కడ అనేవి ఉండవు. వాటిని అడిగేందుకు ఏ పాఠకుడికీ మంచి కారణం ఉండదు. నా బల్ల మీదకు వచ్చిన సీసాల్లో ఎక్కువ భాగం హత్యలవి కావు. రైతులవి, కొత్త కోడళ్ళవి, పరీక్ష తప్పిన పిల్లలవి. ఉత్కంఠ విషంలో లేదు, దాన్ని ఎవరు ఏ గ్లాసులో పోశారన్నదాంట్లో ఉంది.

నిజమైన కేసును తీసుకుని పేర్లు మాత్రం మార్చడం చాలదు. నేనొక తప్పు చేశాను. రెండో నవలలో చనిపోయిన మనిషి జేబులో బస్సు టికెట్టూ, కాగితంలో చుట్టిన సగం వేరుశనగ చిక్కీ ఉంటాయి. నేను కల్పించలేదది. పార్శిలుతోపాటు వచ్చిన వస్తువుల జాబితాలో చదివాను. మిగతా సగం ఎవరికి పెట్టాడో అని అప్పుడు చాలా రోజులు ఆలోచించాను, తరువాత నవలలో పెట్టేశాను. చదివినవాళ్ళు మెచ్చుకున్నది కూడా ఆ చిక్కీనే. ఎవరూ గుర్తుపట్టలేదు, ఉత్తరమూ రాలేదు. కానీ ఆ మిగతా సగం తిన్న మనిషి ఎక్కడో ఉన్నారు కదా! రెండో ముద్రణలో తీసేశాను. ఇప్పుడు జిల్లా, ఋతువు, వృత్తి, వయసు, వస్తువు, అన్నీ మార్చాకనే మొదలుపెడతాను. కోర్టులో నడుస్తున్న కేసు జోలికి అసలు పోను.

రాయడం అయ్యాక ముగ్గురి చేత చదివించండి: ఒక డాక్టరు, ఒక వకీలు, ఒక హెడ్ కానిస్టేబులు. పెద్ద అధికారులకు ఇవ్వకండి, వాళ్ళు నియమం చెబుతారు. మీకు కావలసింది జరిగేది. డాక్టరును "ఇది తప్పా?" అని అడగకండి, "ఈ కాగితంలో మీరైతే ఏ మాట రాస్తారు?" అని అడగండి. వకీలుకు కోర్టు అధ్యాయం మాత్రమే ఇవ్వండి, మొత్తం ఇస్తే ఏడాది ఉంచుకుంటారు.

టీ గ్లాసు నవలను మా వీధి చివర ఉండే రిటైరైన హెడ్ కానిస్టేబులుకు ఇచ్చాను. నాలుగు రోజుల్లో తిరిగి తెచ్చారు. లోపలికి రమ్మంటే రాలేదు, చెప్పులు విప్పకుండా అరుగు మీదే కూర్చున్నారు. పంచనామా బాగుందన్నారు, స్టేషన్ గదిలో ఎలుకలు లేవేమని అడిగారు. తరువాత కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుంటూ అన్నారు: "అమ్మగారూ, పార్శిలు పట్టుకుని కానిస్టేబులు పొద్దున ఆరింటి బస్సెక్కాడన్నారు. ల్యాబు కౌంటరులో ఇచ్చింది మూడింటికి అన్నారు. దారి అయిదు గంటలే కదా. అన్నం ఎక్కడ తిన్నాడు? తినేటప్పుడు సంచి ఎక్కడ పెట్టాడు?"

నేను 31 ఏళ్ళు ఆ సంచి అందుకున్నదాన్ని. ఒక్కసారైనా ఆ మాట అడగలేదు. ఆయన వెళ్ళాక తెల్లకాగితం తీసి "సంచి" అని రాసి, కింద పొద్దున ఆరు గంటలు అని వేశాను. నా నాలుగో నవల అది.